కీసె, కెరీయ: ఒక స్పానిష్ క్రియ, రెండు గతాలు

స్పానిష్ నేర్చుకునేవాళ్లలో చాలామంది వర్తమాన కాలం దాకా హుషారుగా వచ్చి, గతకాలం దగ్గర చతికిలబడతారు. రూపాలు బట్టీ పట్టడం పెద్ద పని కాదు. ఒకే క్రియకు గతంలో రెండు వరసల రూపాలు ఉండటం, ఆ రెండిటికీ ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ఒకే అర్థం రాసి ఊరుకోవడం అసలు చిక్కు.

'కెరేర్' అనే క్రియను చూడండి. కోరుకోవడానికీ ప్రేమించడానికీ కూడా స్పానిష్‌లో ఇదే మాట. 'అతను' కర్త అయితే దీనికి ఒక గతరూపం 'కీసొ', ఇంకొకటి 'కెరీయ'. ఇంగ్లీషులో రెండూ 'వాంటెడ్'. కానీ ఒక పిల్లవాడి గురించి 'నో కీసొ కొమేర్' అంటే 'తిననన్నాడు' అని. 'నో కెరీయ కొమేర్' అంటే 'వాడికి తినాలని లేదు' అని. రెండో వాక్యానికి 'పెరొ కొమ్యో', అంటే 'అయినా తిన్నాడు' అని నిక్షేపంగా తగిలించవచ్చు. మొదటిదానికి తగిలిస్తే వినేవాళ్లు మొహం చిట్లిస్తారు. తిననన్నవాడు తినడమేమిటి?

ఈ తేడాను ఇంగ్లీషులో విడమరచాలంటే ఒక పేరా పడుతుంది. తెలుగులో క్రియే చెప్పేస్తుంది. అమెరికా బడుల్లో పిల్లలు ఎక్కువగా ఎంచుకునే విదేశీ భాష స్పానిష్. అక్కడి తెలుగు ఇళ్ల పిల్లలూ దాన్ని ఇంగ్లీషు మీదుగానే నేర్చుకుంటారు, ఇక్కడ ఫోనులో యాప్ పెట్టుకుని నేర్చుకునేవాళ్లూ అంతే. ఈ ఒక్క పాఠం మటుకు ఇంగ్లీషును పక్కకు నెట్టి, నేరుగా తెలుగు నుంచి స్పానిష్‌లోకి దిగడం మేలని నా అభిప్రాయం.

ముందు రాత సంగతి. స్పానిష్‌లో అచ్చుల నిడివికి అర్థంతో పని లేదు, ఊనికకు, అంటే మాటలో ఏ అక్షరాన్ని నొక్కి పలుకుతామన్నదానికి, ఉంది. అందుకని ఈ వ్యాసంలోని స్పానిష్ మాటల్లో దీర్ఘం కనబడిన చోట ఊనిక ఉందని చదువుకోండి. ఉచ్చారణ లాటిన్ అమెరికాది. ఊనిక ఎంత పని చేస్తుందంటే, 'ఆబ్లొ' అంటే 'నేను మాట్లాడతాను', 'అబ్లో' అంటే 'అతను మాట్లాడాడు'. అక్షరాలు అవే. ఊనిక ముందు నుంచి చివరికి జరిగేసరికి మనిషీ మారాడు, కాలమూ మారింది.

ఇక రూపాలు. మొదటి వరసను సమాప్త గతం అందాం. నేను అయితే 'కీసె', నువ్వు అయితే 'కిసీస్తె', అతను లేదా ఆమె అయితే 'కీసొ', మేము అయితే 'కిసీమొస్', మీరంతా అయితే 'కిసీస్తెయిస్', వాళ్లు అయితే 'కిస్యేరొన్'. రెండో వరస అసమాప్త గతం. అదే క్రమంలో 'కెరీయ, కెరీయస్, కెరీయ, కెరీయమొస్, కెరీయయిస్, కెరీయన్'. అయిదో రూపం స్పెయిన్‌లోనే వినబడుతుంది. లాటిన్ అమెరికాలో 'మీరంతా' అనడానికి కూడా 'వాళ్లు' రూపమే వాడతారు కాబట్టి, అటువైపు వెళ్లేవాళ్లకు ఒక రూపం బరువు తగ్గినట్టే. ఒక్కరినే గౌరవంగా 'ఉస్తేద్' అని పిలిస్తే క్రియ 'అతను, ఆమె' రూపంలో ఉంటుంది. మన 'మీరు' లాగా బహువచనం కాదు.

కర్తను వదిలేసే విషయంలో మనకు కొత్తేమీ లేదు. 'వచ్చాను' అన్నాక 'నేను' అక్కర్లేనట్టే 'కీసె' అన్నాక 'యొ' అక్కర్లేదు. అసమాప్త గతంలో మాత్రం 'నేను'కీ 'అతను'కీ రూపం ఒకటే కాబట్టి, సందర్భం తేల్చకపోతే కర్తను బయటపెట్టి 'యొ కెరీయ' అనాల్సిందే. ఇంకొక చిన్న ఉచ్చు ఉంది. వర్తమానంలో చివర 'ఒ' వస్తే అది 'నేను': 'ఆబ్లొ', 'క్యేరొ'. సమాప్త గతంలో చివర 'ఒ' వస్తే అది 'అతను' లేదా 'ఆమె'. 'కీసొ' విని 'నేను కోరుకున్నాను' అనుకునేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు.

తినడానికి 'కొమేర్'. అది 'కొమీ, కొమ్యో' అయినట్టు 'కెరేర్' కూడా 'కెరీ, కెర్యో' కావాలి కదా, 'కీసె' ఎక్కడి నుంచి వచ్చింది? లాటిన్ నుంచి. వెతకడం, అడగడం అనే అర్థంలో లాటిన్‌లో 'క్వేరెరే' అనే క్రియ ఉండేది. దాని గతరూపంలో 'ర' బదులు 'స' ఉండేది. ఇంగ్లీషు మీదుగా మనకు వచ్చిన 'క్వశ్చన్', చరిత్ర పుస్తకాల్లోని 'ఇంక్విజిషన్' ఆ వేరు నుంచి పుట్టినవే. స్పానిష్ ఆ 'స'ను ఈనాటికీ గతంలో దాచుకుంది. రోజుకు వందసార్లు నోట్లో నానే క్రియలే ఇలా పాత రూపాలను కాపాడుకుంటాయి. తక్కువ వాడే క్రియలు ఎప్పుడో క్రమంలో పడిపోయాయి.

ఈ బాపతు క్రియలు గట్టిగా ఒక డజను దాకా ఉన్నాయి. కలిగి ఉండటానికి 'తూబె', ఒకచోట ఉండటానికి 'ఎస్తూబె', చేయగలగడానికి 'పూదె', పెట్టడానికి 'పూసె', తెలియడానికి 'సూపె', చేయడానికి 'ఈసె', రావడానికి 'బీనె', చెప్పడానికి 'దీహె', తేవడానికి 'త్రాహె'. అన్నిటికీ చివర 'ఎ, ఇస్తె, ఒ' ఒకటే బాణీ. ఊనిక చివరికి పోదు, ముందే ఉంటుంది. అందుకే కాగితం మీద వీటిలో ఏ రూపానికీ ఊనిక గుర్తు ఉండదు. దీనికి పూర్తిగా భిన్నంగా అసమాప్త గతం సాధు జంతువు. మొత్తం భాషలో దారి తప్పిన క్రియలు అందులో మూడే: 'సేర్' (ఉండటం) నుంచి 'ఏర', 'ఈర్' (వెళ్లడం) నుంచి 'ఈబ', 'బేర్' (చూడటం) నుంచి 'బెయీయ'.

ఏది ఎప్పుడు వాడాలన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు రెండు సూత్రాలు ఇస్తాయి. రెండూ నన్ను విసిగిస్తాయి. మొదటిది నిడివి సూత్రం: చటుక్కున అయిపోతే సమాప్తం, చాలాకాలం సాగితే అసమాప్తం. డైనోసార్లు కోట్ల సంవత్సరాలు భూమిని ఏలాయి అనడానికి స్పానిష్‌లో 'దొమినారొన్' అంటారు, సమాప్త గతం. 'అప్పుడు మూడు గంటలైంది' అనడానికి 'ఏరన్ లస్ త్రేస్' అంటారు, అసమాప్త గతం. కోట్ల ఏళ్లకు సమాప్తం, ఒక్క నిమిషానికి అసమాప్తం! ఇక నిడివి సూత్రం ఎక్కడ నిలబడుతుంది?

రెండోది గుర్తు మాటల సూత్రం. 'అయేర్', అంటే 'నిన్న' కనబడితే సమాప్తం రాయండి, 'స్యేంప్రె', అంటే 'ఎప్పుడూ' కనబడితే అసమాప్తం రాయండి అంటారు. పరీక్షలో నాలుగు మార్కులు వస్తాయేమో. బయట, 'స్యేంప్రె కీసె సేర్ మేదికొ' అనే వాక్యం స్పానిష్ మాట్లాడేవాళ్ల నోట తరచు వినబడుతుంది: 'మొదటి నుంచీ నాకు డాక్టరు కావాలనే'. 'ఎప్పుడూ' ఉంది, అయినా 'కీసె'. అలాగే 'అయేర్ కెరీయ యమార్తె' అంటే 'నిన్న నీకు ఫోన్ చేద్దామనుకున్నాను'. 'నిన్న' ఉంది, అయినా 'కెరీయ'. ఆ వాక్యం వినగానే అవతలివాళ్లు 'మరి ఎందుకు చేయలేదు?' అని అడుగుతారు. అడగాలనిపించేది ఆ రూపం వల్లే.

మరి అసలు సూత్రం ఏమిటి? ఒక ఇంటిని వీధిలో నిలబడి చూస్తే నాలుగు గోడలతో సహా మొత్తం కనబడుతుంది. అదే ఇంటి మధ్యగదిలో నిలబడితే చుట్టూ ఉన్నది కనబడుతుంది తప్ప ఇల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కనబడదు. సమాప్త గతం వీధిలోంచి చూపు, అసమాప్త గతం గదిలోంచి చూపు. చూసే ఇల్లు ఒకటే. సంఘటన ఎంతసేపు జరిగిందన్నది కాదు, చెప్పేవాడు దాని అంచులను చూపిస్తున్నాడా లేదా అన్నదే లెక్క. అసమాప్తం అన్నంత మాత్రాన పని పూర్తి కాలేదని అర్థం కాదు. పూర్తయిందో లేదో ఇక్కడ నా విషయం కాదని చెప్పడం, అంతే. పేరే తప్పుదారి పట్టిస్తుంది. వెనెజులాలో పుట్టి చిలీలో స్థిరపడిన అంద్రేస్ బేయొ 1847లో ప్రచురించిన వ్యాకరణంలో దీనికి 'కొప్రెతేరితొ' అని పేరు పెట్టాడు. మరొక గత సంఘటనకు సమకాలంలో ఉన్నది అని భావం. మెక్సికో బడుల్లో ఇప్పటికీ ఆ పేరు నడుస్తోంది. నాకు ఆ పేరే నచ్చుతుంది.

ఒక చిన్న కథనంలో పెట్టి చూద్దాం.

'యొబీయ. ఎల్ నీన్యొ కెరీయ సలీర్. ల అబ్వేల నో కీసొ అబ్రీర్ ల ప్వేర్త. ఏల్ కీసొ అబ్రీర్ల, నో పూదొ, ఇ సె సెంతో అ యొరార్. ల అబ్వేల కొసీయ.'

వాన పడుతోంది. పిల్లవాడికి బయటికి వెళ్లాలని ఉంది. నాయనమ్మ తలుపు తీయనంది. వాడే తీయబోయాడు, చేతకాలేదు, కూర్చుని ఏడుపు లంకించుకున్నాడు. నాయనమ్మ బట్ట కుట్టుకుంటూ ఉంది.

ఇందులో 'కెరేర్' మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ తెలుగు వేరే వేరే దారి పట్టింది. 'కెరీయ సలీర్' మనసులోని కోరిక, 'వెళ్లాలని ఉంది'. 'నో కీసొ' నిరాకరణ, 'తీయనంది'. 'కీసొ అబ్రీర్ల' చేయి ముందుకు వేసిన ప్రయత్నం, 'తీయబోయాడు'. కోరికకు అంచులు గీస్తే అది మనసులో ఉండిపోదు, ఒక చేష్టగా బయటపడుతుంది. నిఘంటువులో 'కెరేర్'కు ప్రయత్నించడం, నిరాకరించడం అని వేరే అర్థాలు ఇచ్చి బట్టీ పట్టించడం దండగ. కోరిక ఒక సంఘటనగా జరిగిందని చెబితే, ఆ అర్థాలు వాటంతట అవే వస్తాయి.

ఇప్పుడు రూపాలు తారుమారు చేయండి. మొదట 'యొబీయ' తీసి 'యొబ్యో' పెడితే, వాన కురిసి వెలిసింది, ఆ తర్వాత కథ మొదలైంది. మూడో వాక్యంలో 'నో కీసొ' తీసి 'నో కెరీయ' పెడితే, నాయనమ్మకు తలుపు తీయడం ఇష్టం లేదు, అంతవరకే తెలుస్తుంది. తీసిందేమో కూడా. వినేవాడు 'కానీ' కోసం ఎదురుచూస్తాడు. అన్నిటికన్నా సొగసైన మార్పు చివరి మాటలో ఉంది. 'కొసీయ' అంటే వాడు ఏడుస్తున్నంతసేపూ ఆమె కుడుతూనే ఉంది, తొణకలేదు. దాన్ని 'కొస్యో' చేస్తే వాడు ఏడ్చాక ఆమె కూర్చుని కుట్టింది అన్నట్టు అవుతుంది. సమాప్త రూపాలు కథను ముందుకు నడిపిస్తాయి. అసమాప్త రూపాలు కథను ఒకచోట నిలబెట్టి చుట్టూ చూపిస్తాయి.

'నో కీసొ' అన్నచోటల్లా నిరాకరణ అని గుడ్డిగా రాసుకోకూడదు సుమా. 'నో కీసె ఒఫెందేర్తె' అంటే 'నిన్ను నొప్పించాలని కాదు' అనే క్షమాపణ. నొప్పించమని ఎవరో అడిగితే కాదన్నానని కాదు. ఎవరైనా ఎదురుచూస్తున్న పని అయితేనే 'నో కీసొ'లోంచి 'కాదన్నాడు' పుడుతుంది.

కెరేర్ ఒక్కటే కాదు, స్థితిని చెప్పే క్రియలన్నీ ఇదే పని చేస్తాయి. ఇక్కడ తెలుగు మనకు అడుగడుగునా చేయి అందిస్తుంది. 'సూపె' అంటే 'నాకు తెలిసింది', 'సబీయ' అంటే 'నాకు అప్పటికే తెలుసు'. ఇంగ్లీషులో రెండూ 'న్యూ'. 'ల కొనొసీ' అంటే ఆమె పరిచయమైంది, 'ల కొనొసీయ' అంటే ఆమెతో అప్పటికే పరిచయం ఉంది. అన్నిటిలోకీ ముచ్చటైనది 'తెనేర్ కె', అంటే ఒక పని చేయాల్సి ఉండటం. 'తూబె కె ఈర్' అంటే 'వెళ్లాల్సి వచ్చింది', మనిషి వెళ్లాడు. 'తెనీయ కె ఈర్' అంటే 'వెళ్లాల్సి ఉండింది', వెళ్లాడో లేదో తెలియదు. 'వచ్చింది', 'ఉండింది' అన్న రెండు చిన్న క్రియలతో మనం రోజూ చేసే పని ఇదే. తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు ఇక్కడ తడబడితే తప్పు పాఠ్యపుస్తకానిదే.

అలవాట్ల సంగతి ఇంకా సులువు. చేసేవాడు, వెళ్లేవాళ్లం, తినేది కాదు, ఇవన్నీ అసమాప్త గతమే. తెలుగు వ్యాకరణం భూత, వర్తమాన, భవిష్యత్తులకు తోడు 'తద్ధర్మం' అని ఇంకొక అరను ఎప్పుడో పెట్టుకుంది. 'వెళ్లే' అన్న రూపం ఆ అరలోదే. చిన్నప్పుడు ప్రతి వేసవికీ అమ్మమ్మగారింటికి వెళ్లేవాళ్లం అంటే 'ఈబమొస్'. మూడుసార్లు వెళ్లాం అని లెక్క చెబితే 'ఫ్వీమొస్'. లెక్క చెప్పడమంటే అంచులు గీయడమే.

అయితే తెలుగు దెబ్బకొట్టే చోట్లూ ఉన్నాయి, అవి ముందే తెలిసి ఉండాలి. 'నేను వెళ్లేసరికి వాళ్లు భోంచేస్తున్నారు' అంటాం. 'భోంచేస్తున్నారు' రూపంలో వర్తమానమే. ఆ ఊపులో స్పానిష్‌లోనూ వర్తమానం పెడితే వాక్యం విరిగిపోతుంది. అక్కడ 'కొమీయన్' అనాలి. 'తెలుసు'కు మనకు కాలమే లేదు, నిన్నకూ నేటికీ అదే మాట. స్పానిష్‌లో నిన్నటికి 'సబీయ' తప్పదు. ఇంకా ఇబ్బంది క్రియ లేని వాక్యాలతో. 'మా తాతయ్య టీచరు' అని క్రియ లేకుండా హాయిగా అనేస్తాం. తాతయ్య గతించి ఉంటే స్పానిష్‌లో రెండు రూపాల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. 'ఏర మఏస్త్రొ' అంటే ఆయన్ని ఆ రోజుల్లో నిలబెట్టి చూపడం, ఆ వెనక ఇంకా కథ ఉంది. 'ఫ్వే మఏస్త్రొ' అంటే ఆయన జీవితాన్నో ఉద్యోగాన్నో మొత్తంగా చుట్టి చెప్పడం. చనిపోయినవారి పరిచయ వ్యాసంలో 'ఫ్వే' సహజం, ఇంట్లో తలుచుకునేటప్పుడు 'ఏర' సహజం. అన్నట్టు ఈ 'ఫ్వే' రెండు క్రియలకు ఉమ్మడి ఆస్తి: ఉండటానికీ అదే, వెళ్లడానికీ అదే. 'ఫ్వే మేదికొ' అంటే డాక్టరుగా చేశాడు, 'ఫ్వే అల్ మేదికొ' అంటే డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

ప్రేమ విషయానికి వస్తే ఈ వ్యాకరణం కొంచెం ప్రమాదకరం. 'తె కీసె' అంటే ఒకప్పుడు నిన్ను ప్రేమించాను, ఆ అధ్యాయం ముగిసింది. 'తె కెరీయ' అంటే అప్పట్లో నువ్వంటే నాకు ప్రాణం, తర్వాత ఏమైందో వాక్యం చెప్పదు. విడిపోయినవాళ్ల మధ్య మొదటిది తీర్పులా వినబడుతుంది. కాపురం చేసుకుంటున్నవాళ్లు సరదాకి కూడా 'తె కీసె' అనకపోవడం మంచిది.

అసమాప్త గతానికి గతంతో సంబంధం లేని వాడుకలు కూడా ఉన్నాయి. కాఫీ హోటల్లో 'కెరీయ ఉన్ కఫే' అంటే 'ఒక కాఫీ కావాలండీ' అని మర్యాదగా అడగడం. కోరిక నిన్నటిది కాదు, ఇప్పటిదే. దాన్ని కాస్త దూరం జరిపితే మాట మెత్తబడుతుంది. 'మిమ్మల్ని ఒకటి అడుగుదామనుకున్నాను' అని మనం మొదలుపెట్టడం లేదూ, అదే కిటుకు. 'కెరీయా? మరి ఇప్పుడు వద్దా?' అని స్పెయిన్‌లో కొందరు సర్వర్లు ఆటపట్టిస్తారు కూడా. ఇంకా మర్యాద కావాలంటే 'కిస్యేర' ఉంది. అది 'కిస్యేరొన్' నుంచే వస్తుంది, చివరి 'రొన్' తీసి 'ర' పెడితే చాలు. ఈ సూత్రం భాషలోని ప్రతి క్రియకూ పనిచేస్తుంది. సమాప్త గతంలో 'వాళ్లు' రూపాన్ని శ్రద్ధగా నేర్చుకోమనడానికి ఇదొక్కటే చాలు.

పిల్లల ఆటల్లోనూ అసమాప్తమే రాజ్యమేలుతుంది. 'యొ ఏర ఎల్ రేయ్' అని స్పానిష్ పిల్లలు ఆట మొదలుపెడతారు. మన పిల్లలు 'నేను రాజునట, నువ్వు దొంగవట' అంటూ 'అట'తో కట్టే ఊహాలోకాన్ని వాళ్లు 'ఏర'తో కడతారు. కలలూ అంతే. 'సొన్యే' అంటే 'కలగన్నాను', అది సమాప్తం. కలలో ఎగిరినా, పడినా, పరిగెత్తినా అసమాప్తం.

రెండు గతాలు అని శీర్షికలో రాశాను కానీ, మూడోది ఒకటి స్పెయిన్‌లో గట్టిగా వినబడుతుంది. ఈ రోజు పిల్లవాడు అన్నం తిననంటే మాడ్రిడ్ తల్లి 'ఓయ్ నో అ కెరీదొ కొమేర్' అంటుంది. మెక్సికో తల్లి, బ్వెనోస్ ఐరెస్ తల్లి 'ఓయ్ నో కీసొ కొమేర్' అంటారు. స్పెయిన్‌లోనే గలీసియా, అస్తూరియాస్, కానరీ దీవుల్లో కూడా రెండోదానివైపే మొగ్గు. ఈ రోజు, ఈ వారం లాంటి ఇంకా గడవని కాలంలో జరిగినదానికి మాడ్రిడ్ వాళ్లకు వేరే రూపం కావాలి, మిగతావాళ్లకు 'కీసొ' సరిపోతుంది. కాబట్టి మాడ్రిడ్‌లో చదువుకో ఉద్యోగానికో వెళ్లేవాళ్లు 'అ కెరీదొ'ను మొదటి నెలలోనే పట్టుకోవాలి. లాటిన్ అమెరికా వాళ్లతో పని ఉన్నవాళ్లు దాన్ని తర్వాత చూసుకోవచ్చు.